దక్షిణాఫ్రికా టూరిస్ట్ వీసా: ఫైలు సర్దడం నుంచి జొహన్నెస్‌బర్గ్ కౌంటర్ దాటే వరకు

“దక్షిణాఫ్రికాలో దిగాక వీసా ఇస్తారా అండీ?” “అమెరికా వీసా ఉంటే సరిపోతుందా?” “పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ ఎందుకు అడుగుతున్నారు?” ఈ మూడు ప్రశ్నలకి ఒక్కొక్కరికీ విడిగా జవాబులు రాస్తూ వచ్చాను. ఇక అన్నీ ఒకేచోట పెడదామని కూర్చున్నాను.

ముందు మొదటి రెండూ తేల్చేద్దాం. అక్కడి ఎయిర్‌పోర్టుల్లో వీసా ఇవ్వరు. నాలుగు రోజులు తిరిగి రావడానికైనా సరే, భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు వీసా చేతికి వచ్చాకే విమానం ఎక్కాలి. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా, మీది భారత పాస్‌పోర్ట్ అయితే వీసా తప్పదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నవాళ్లకి మాత్రం 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు. చాలా కుటుంబాలు ఇక్కడే పొరబడుతున్నాయి. డాలస్‌లో ఉన్న కొడుకు తన అమెరికా పాస్‌పోర్ట్‌కి వీసా అక్కర్లేదని చూసి, గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకీ టికెట్లు కొనేస్తాడు. వీసా నియమం మనిషి చేతిలో ఉన్న పాస్‌పోర్ట్‌ని బట్టి ఉంటుంది, కుటుంబాన్ని బట్టి కాదు. ఎవరి పాస్‌పోర్ట్‌కి ఏం కావాలో విడివిడిగా చూసుకోండి.

ఇంకో రెండు సంగతులు. ట్రావెల్ కంపెనీతో గ్రూప్‌గా వెళ్తున్నట్టయితే, భారత్, చైనా పర్యాటకుల కోసం దక్షిణాఫ్రికా 2025 జనవరిలో మొదలుపెట్టిన ఒక పథకం ఉంది. వాళ్ల ప్రభుత్వం గుర్తించిన టూర్ ఆపరేటర్లు గ్రూప్ మొత్తానికి వీసా పని తక్కువ కాగితాలతో నడిపించవచ్చు. “మీరు ఆ జాబితాలో ఉన్నారా?” అని ఆపరేటర్‌ని సూటిగా అడగండి. రెండోది ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి. 2025 అక్టోబరులో జీ20 ప్రతినిధులతో మొదలైంది. తర్వాతి విడతకి ప్రకటించిన దేశాల్లో మన దేశం పేరుంది. అందుకని ఏ పనీ మొదలుపెట్టకముందే దక్షిణాఫ్రికా హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్ తెరిచి, మీ పాస్‌పోర్ట్‌కి, మీరు దిగే ఎయిర్‌పోర్టుకి అది వర్తిస్తుందో లేదో చూడండి. గూగుల్‌లో పైన కనిపించే ప్రతి “ఈ-వీసా” సైటూ ప్రభుత్వానిది కాదు. అడ్రస్ చివర జీఓవీ డాట్ జెడ్ఏ అని ఉంటేనే అది వాళ్ల ప్రభుత్వ సైట్.

ఇక్కడి నుంచి రాసేది సొంతంగా, కాగితాలు పెట్టి, వీఎఫ్ఎస్ సెంటర్ (దక్షిణాఫ్రికా తరఫున దరఖాస్తులు తీసుకునే ప్రైవేటు సంస్థ) ద్వారా మామూలు విజిటర్ వీసా తీసుకునేవాళ్ల కోసం.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్ట్. దక్షిణాఫ్రికా నుంచి బయల్దేరే రోజు తర్వాత కనీసం 30 రోజులు చెల్లుబాటు ఉండాలి. అది వాళ్ల నియమం. నా మాట అడిగితే ఆరు నెలల కన్నా తక్కువ ఉంటే ముందు రెన్యువల్ చేయించండి, దారిలో దిగే దేశాల నియమాలు వేరుగా ఉండొచ్చు.
- ఆ పాస్‌పోర్ట్‌లో కనీసం రెండు పూర్తి ఖాళీ పేజీలు. సగం ఖాళీ పేజీ లెక్కలోకి రాదు.
- పాత పాస్‌పోర్ట్‌లు ఉంటే అవి కూడా.
- డీహెచ్ఏ-84 దరఖాస్తు ఫారం, మనిషికొకటి. చంటిపిల్లలకీ వేరే ఫారమే.
- తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఈమధ్య తీయించుకున్న ఫోటోలు రెండు.
- రానూపోనూ టికెట్ల రిజర్వేషన్, హోటల్ బుకింగ్‌లు, ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసిన ప్లాన్.
- మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, బ్యాంక్ ముద్రతో.
- ఉద్యోగులైతే సెలవు మంజూరు లెటర్, జీతం స్లిప్పులు. వ్యాపారమైతే జీఎస్టీ లేదా రిజిస్ట్రేషన్ కాగితాలు. ఐటీ రిటర్నులు ఉంటే అవి.
- ఎందుకు వెళ్తున్నారో, ఖర్చు ఎవరు పెడుతున్నారో చెప్పే కవరింగ్ లెటర్.
- 18 ఏళ్లలోపు పిల్లలుంటే వాళ్ల బర్త్ సర్టిఫికెట్లు (దీని గురించి కింద వివరంగా రాశాను).
- దారిని బట్టి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు.

వీఎఫ్ఎస్ సైట్‌లో ఉండే చెక్‌లిస్ట్‌ని మీరు దరఖాస్తు పెట్టే వారంలోనే ప్రింట్ తీసుకోండి. పోయినేడాది వెళ్లొచ్చిన మీ కొలీగ్ వాట్సాప్‌లో పంపిన జాబితాని నమ్ముకోవద్దు. ఫీజులు కూడా అంతే, కట్టే రోజు సైట్‌లో చూసినదే లెక్క.

1. ముందు రూట్ ఖాయం చేసుకోండి, తర్వాతే ఫారం

అందరూ ఫారంతో మొదలుపెడతారు. నేను మాత్రం మ్యాప్‌తో మొదలుపెట్టమంటాను. ఎందుకంటే సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చే వీసా) అడగాలా, మల్టిపుల్ ఎంట్రీ (ఒకసారికి మించి రానిచ్చేది) అడగాలా అన్నది మీ రూటే చెబుతుంది.

దక్షిణాఫ్రికా మ్యాప్ చూస్తే మధ్యలో లెసోతో అనే దేశం కనిపిస్తుంది. నాలుగు వైపులా దక్షిణాఫ్రికానే. తూర్పు వైపు ఎస్వాతిని అనే ఇంకో దేశం ఉంది. క్రూగర్ పార్కు చూసుకుని కారులో డర్బన్ వైపు దిగేవాళ్లకి జీపీఎస్ ఒక్కోసారి ఎస్వాతిని మీదుగానే దారి చూపిస్తుంది. సానీ పాస్ అనే కొండదారి ఎక్కితే పైన లెసోతో సరిహద్దు. విక్టోరియా జలపాతం జింబాబ్వే, జాంబియాల మధ్య ఉంది, దక్షిణాఫ్రికాలో లేదు. వీటిలో ఏ ఒక్క చోటికి వెళ్లినా మీరు దక్షిణాఫ్రికా నుంచి బయటికి వెళ్లినట్టే. తిరిగి లోపలికి రావాలంటే రెండో ఎంట్రీ ఉండాలి. ఆ పక్క దేశం వీసా సంగతి మళ్లీ వేరు.

నాకు తెలిసిన ఒక జంట ఇలాగే ఇరుక్కుపోయారు. జొహన్నెస్‌బర్గ్‌లో నాలుగు రోజులు ఉండి, విక్టోరియా జలపాతానికి రెండు రాత్రుల ట్రిప్ వేసుకున్నారు. తిరుగు విమానం మాత్రం జొహన్నెస్‌బర్గ్ నుంచే. జలపాతం దగ్గరున్న హోటల్ నుంచి ఆవిడ వీసా స్టిక్కర్ ఫోటో పంపింది. వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఎంట్రీల గడిలో సింగిల్ అని ఉంది. ఆ గడిని ఇంటి దగ్గర ఎవరూ చూడలేదు, టూర్ ప్లాన్ చేసినవాళ్లూ చూడలేదు. చివరికి అటునుంచి అటే ఇంటికి కొత్త టికెట్లు కొనుక్కుని వచ్చారు. జొహన్నెస్‌బర్గ్ హోటల్లో వదిలేసిన పెద్ద సూట్‌కేసు కొరియర్‌లో ఆలస్యంగా చేరింది. ఆ రెండు రోజులు వాళ్లు పడిన టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పక్క దేశం ప్లాన్‌లో ఉంటే ఫారంలో, కవరింగ్ లెటర్‌లో, రోజువారీ ప్లాన్‌లో మూడు చోట్లా రాసి, మల్టిపుల్ ఎంట్రీ అడగండి. ఆ బుకింగ్‌లూ జతచేయండి. అడిగినా ఇవ్వాలని లేదు. సింగిలే వస్తే ప్లాన్ మార్చుకోండి: పక్క దేశాన్ని చివర్లో పెట్టుకుని, అక్కడి నుంచే ఇండియాకి తిరిగి వచ్చేట్టు టికెట్ తీసుకోండి.

2. ఎల్లో ఫీవర్ కార్డు కావాలో లేదో ఇప్పుడే తేల్చుకోండి

భారత్ ఎల్లో ఫీవర్ దేశం కాదు. దక్షిణాఫ్రికా కూడా కాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్లి అలాగే తిరిగొచ్చేవాళ్లకి ఈ కార్డుతో పని లేదు. గొడవంతా అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్లేవాళ్లకే. ఇథియోపియా, కెన్యా రెండూ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. అక్కడి ఎయిర్‌పోర్టులో 12 గంటలకు మించి ఆగినా, బయటికి వెళ్లి హోటల్లో పడుకున్నా దక్షిణాఫ్రికాలో కార్డు అడుగుతారు. కెన్యాలో మసాయి మారా చూసుకుని అటు దిగేవాళ్లకి ఎలాగూ తప్పదు.

తిరుగు ప్రయాణాన్ని చాలామంది మర్చిపోతారు. ఆ దేశాల్లో ఉండి ఆరు రోజుల్లోపు మన దేశంలో దిగితే ఇక్కడి ఆరోగ్య అధికారులు కూడా కార్డు అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్లకుంది. అందుకే లేఓవర్ చిన్నదైనా సరే, ఆ దారిలో వెళ్తుంటే టీకా వేయించుకోవడమే మంచిదని నా సలహా.

టీకా వేసిన పది రోజుల తర్వాత నుంచే కార్డు చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. గుర్తింపు లేని క్లినిక్‌లో వేయించుకుంటే చెల్లదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. రోజూ వేయరు, ముందుగా అపాయింట్‌మెంట్ కనుక్కుని పాస్‌పోర్ట్ పట్టుకుని వెళ్లండి. 60 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. వాళ్ల విషయంలో టీకా కన్నా రూటు మార్చుకోవడమే తేలిక.

3. పేర్లు సరిచూడండి. ఇక్కడ తొందరపడొద్దు

మన తెలుగువాళ్ల ఫైళ్లలో ఎక్కువ చిక్కులు వచ్చేది పేరుతోనే. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో మారి, బ్యాంకులో మారకుండా ఉండిపోతుంది. పెద్దవాళ్ల పాస్‌పోర్ట్‌లలో సర్‌నేమ్ గడి మొత్తం ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంటుంది.

ఒక తెల్లకాగితం తీసుకుని పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుని అక్షరం అక్షరం పైన రాయండి. దాని కింద టికెట్, హోటల్, బ్యాంక్, ఆఫీసు లెటర్, మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో ఆ మనిషి పేరు ఎలా ఉందో వరసగా రాయండి. తేడా ఉన్నచోట గుండ్రం చుట్టండి. అప్పుడు ఏం చేయాలంటే:

టికెట్, హోటల్ పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే మార్పించండి, ఇక్కడ రాజీ పడొద్దు. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లకి టికెట్ మీద ఎలా రాయాలో ఎయిర్‌లైన్‌నే అడిగి, వాళ్లిచ్చిన జవాబు ఈమెయిల్‌లో ఉంచుకోండి. బ్యాంకు, బర్త్ సర్టిఫికెట్‌ల తేడా మార్చడానికి టైం లేకపోతే, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి జతచేయండి. కవరింగ్ లెటర్‌లో కూడా ఒక వాక్యం రాయండి. తేడా ఉందని మనమే ముందు చెప్పుకుంటే వివరణ అవుతుంది, వాళ్లు పట్టుకుంటే అనుమానం అవుతుంది.

4. డబ్బు కాగితాలు

ఎంత బ్యాలెన్స్ ఉండాలి అని అడగని మనిషి లేడు. ఒక అంకె చెప్పి పంపేసే ప్రశ్న కాదిది. మీ ప్లాన్‌లో ఉన్న రోజులకి, హోటళ్లకి, సఫారీకి అయ్యే ఖర్చు ఆ ఖాతా భరించగలదని, తిరిగొచ్చాక కూడా ఇల్లు గడుస్తుందని స్టేట్‌మెంట్ చూసినవాళ్లకి అర్థం కావాలి.

దరఖాస్తుకి వారం ముందు బావమరిది దగ్గర తీసుకుని ఒకేసారి మూడు లక్షలు వేసుకోవడం వల్ల మంచి కన్నా చెడే ఎక్కువ. మూడు నెలలు పదిహేను వేలు దాటని ఖాతాలో చివరి లైన్ ఒక్కటే మెరుస్తుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. నిజంగానే డబ్బు వచ్చి ఉంటే, అంటే ఎఫ్‌డీ తీసినా, ప్లాటు అమ్మినా, చిట్టీ పాడినా, ఆ కాగితం జతచేయండి. దొంగ స్టేట్‌మెంట్, దొంగ జీతం స్లిప్ మాత్రం ఏ ఏజెంట్ చెప్పినా పెట్టొద్దు. ఈ వీసా పోవడంతో ఆగదు, తర్వాత పెట్టే దరఖాస్తులన్నిటి మీదా ఆ మచ్చ ఉంటుంది.

వ్యవసాయం చేసుకునే పెద్దవాళ్లకి ఐటీ రిటర్నులు ఉండవు, ఆదాయం కూడా పంట అమ్మినప్పుడే వస్తుంది. వాళ్లకి పట్టాదారు పాస్‌బుక్ కాపీలు, పంట అమ్మిన రసీదులు, ఎఫ్‌డీ ఉంటే ఆ కాగితాలు పెట్టండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం నోటరీతో ఉండాలి. ఖర్చు పిల్లలు పెడుతుంటే వాళ్ల స్పాన్సర్ లెటర్, వాళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్, వాళ్ల పాస్‌పోర్ట్ కాపీ కావాలి. కొడుకుది భారత పాస్‌పోర్ట్ అయి, దాని చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు ఉంటే, బంధుత్వానికి అదే రుజువు. ఆ పేజీ కాపీ తీయడం మర్చిపోతుంటారు.

5. పిల్లలు ఉంటే

పిల్లల అక్రమ రవాణాని అడ్డుకోవడానికి దక్షిణాఫ్రికా ఈ విషయంలో గట్టిగా ఉంటుంది. 18 ఏళ్లలోపు వాళ్లందరికీ, తల్లి పేరు, తండ్రి పేరు రెండూ ఉన్న బర్త్ సర్టిఫికెట్ వీసా ఫైల్లో పెట్టాలి. ప్రయాణంలో కూడా దగ్గర ఉంచుకోవడమే మంచిది.

మన దగ్గర కొన్ని పాత సర్టిఫికెట్లలో పిల్లాడి పేరే ఉండదు. పుట్టిన వారంలో ఆసుపత్రివాళ్లు రిజిస్టర్ చేయించేస్తారు, బారసాల తర్వాత మనం పేరు ఎక్కించడం మర్చిపోతాం. ఇప్పుడే బయటికి తీసి చూడండి. పేరు లేకపోతే మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ పేరు చేర్పించి కొత్త కాపీ తీసుకోవాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది. స్కూలు టీసీ, ఆధార్ దీనికి బదులు కావు.

తల్లిదండ్రులిద్దరూ తోడుంటే ఇంతటితో సరి. ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి అఫిడవిట్, వాళ్ల పాస్‌పోర్ట్ లేదా గుర్తింపు కార్డు కాపీ, ఫోన్ నంబరు కావాలి. విడాకులైతే కోర్టు ఉత్తర్వు, ఒకరు చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్. తాతయ్య, నాయనమ్మ, పిన్ని, బాబాయి ఎవరు తీసుకెళ్లినా తల్లిదండ్రులిద్దరి సమ్మతీ ఉండాలి. “మా మనవడే కదా” అన్న మాట కౌంటర్ దగ్గర నడవదు. పిల్లల కాగితాలన్నిటికీ ఒరిజినల్ ఒక సెట్టు, కాపీ ఒక సెట్టు చేత్తో పట్టుకునే బ్యాగులో పెట్టండి. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టేసి కౌంటర్ దగ్గర వెతుక్కుంటున్నవాళ్లని శంషాబాద్‌లో చూశాను.

6. ఫారం నింపడం

నల్ల ఇంకు పెన్నుతో, పెద్ద అక్షరాలతో. ఏ గడీ ఖాళీగా వదలొద్దు, మీకు వర్తించకపోతే వర్తించదని ఇంగ్లీషులో రాయండి. సంతకం పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పెట్టాలి.

క్రిమినల్ కేసులు, పెండింగ్‌లో ఉన్న కేసులు, టీబీ లాంటి అంటువ్యాధులు, ఇంతకు ముందు దక్షిణాఫ్రికాలోకి రానివ్వకపోవడం, ఇలాంటి ప్రశ్నలు ఫారంలో ఉంటాయి. వీటిని ఏజెంట్ కుర్రాడు చకచకా “లేదు, లేదు” అని టిక్ కొట్టేస్తాడు. కింద సంతకం మీది. ప్రతి ప్రశ్నా చదివి మీరే టిక్ పెట్టండి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకి చదివి తెలుగులో చెప్పి, వాళ్ల జవాబే రాయండి.

ప్రయాణ కారణం దగ్గర కూడా నిజమే రాయాలి. డర్బన్‌లో తెలుగువాళ్లు ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ రేవుకి చేరినప్పటి నుంచి, చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్ల సంతతి అది. 1931లో వాళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడి నుంచి కూచిపూడికో, హరికథకో, పండగ కార్యక్రమానికో పిలుపు అందుకుని వెళ్లే కళాకారులుంటారు. పారితోషికం తీసుకుని ప్రదర్శన ఇచ్చేట్టయితే మామూలు టూరిస్ట్ వీసా సరిపోదు. విజిటర్ వీసాలోనే కొద్దికాలం పని చేయడానికి వాళ్ల ఇమిగ్రేషన్ చట్టం 11(2) సెక్షన్ కింద అనుమతి వేరుగా ఉంటుంది. పిలిచినవాళ్ల లెటర్‌తో దాన్ని అడగాలి. బంధువుల ఇంట్లో ఉండేట్టయితే వాళ్ల ఆహ్వాన లేఖ, వాళ్ల గుర్తింపు లేదా పర్మిట్ కాపీ, అడ్రస్ రుజువు జతచేయాలి.

7. ఇవ్వబోయే ముందు ఒక పరీక్ష

ఫైలు పూర్తయ్యాక ఈ ప్రయాణంతో సంబంధం లేని ఎవరికైనా, పక్కింటివాళ్లకైనా సరే, ఇచ్చి ఐదు ప్రశ్నలు అడగండి. మేం ఏ రోజు వెళ్తున్నాం? ఏ రోజు తిరిగొస్తున్నాం? ప్రతి రాత్రీ ఎక్కడ పడుకుంటున్నాం? డబ్బు ఎవరిది? తిరిగి రావడానికి ఇక్కడ మాకేం ఉంది? మిమ్మల్ని అడగకుండా, కాగితాలు తిప్పి వాళ్లు జవాబు చెప్పగలిగితే ఫైలు బాగున్నట్టే.

నేను కూర్చుని చూసిన ఫైళ్లలో ఎక్కువగా దొరికేవి ఇవి: సెలవు లెటర్‌లో 12వ తేదీ దాకా సెలవు ఉంటే టికెట్ 14కి ఉండటం. కేప్‌టౌన్ హోటల్ 5న ఖాళీ చేసి, క్రూగర్ లాడ్జి 6న మొదలై, మధ్యలో ఒక రాత్రికి ఏ బుకింగూ లేకపోవడం. రాత్రి విమానం తెల్లారి దిగుతుందని లెక్క వేయక హోటల్ తేదీలు ఒకరోజు అటూ ఇటూ కావడం. ఇవన్నీ పావుగంటలో సరిదిద్దుకునేవే.

టికెట్లు డబ్బు వాపసు రాని రకం ఇప్పుడే కొనొద్దు. రిజర్వేషన్ గానీ, రద్దు చేసుకోగలిగే టికెట్ గానీ పెట్టుకోండి.

8. వీఎఫ్ఎస్‌లో ఇవ్వడం

అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఇవ్వగలిగితే నిశ్చింత. వేసవి సెలవులకి వెళ్లేవాళ్లయితే మార్చిలోనే కదలాలి. నిర్ణయం తీసుకునేది దక్షిణాఫ్రికా అధికారులు, వీఎఫ్ఎస్ కాగితాలు తీసుకుని పంపుతుంది అంతే. కౌంటర్‌లో అమ్మాయి “అన్నీ బాగున్నాయి సార్” అన్నంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు.

పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆ రోజుల్లో ఇంకో దేశ ప్రయాణం పెట్టుకోవద్దు. ఇచ్చిన ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో స్కాన్ చేసి ఉంచుకోండి. కాగితం ఏదైనా అదనంగా అడిగితే అదే రోజు పంపగలగాలి.

9. స్టిక్కర్ చేతికి రాగానే, అక్కడే నిలబడి చూడాల్సినవి

పేరు, పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ. ఎంట్రీలు ఎన్ని. తర్వాత తేదీలు. తేదీల దగ్గర చాలామంది తికమక పడతారు. స్టిక్కర్ మీద ఉండే గడువు తేదీ సాధారణంగా మీరు ఆ దేశంలోకి అడుగుపెట్టాల్సిన ఆఖరి తేదీ. ఎన్ని రోజులు ఉండొచ్చన్నది కండిషన్స్ అన్న చోట రాసి ఉంటుంది, ఆ లెక్క మీరు దిగిన రోజు నుంచి మొదలవుతుంది. 90 రోజుల దాకా ఇవ్వొచ్చు, అలాగని అందరికీ 90 ఇవ్వరు. మీరు 12 రోజుల ప్లాన్ పెడితే దానికి దగ్గరగా ఇచ్చే అవకాశం ఉంది. మీ తిరుగు టికెట్ ఆ లెక్కలోపల పడుతుందో లేదో వేళ్ల మీద లెక్కపెట్టండి. తప్పు కనిపిస్తే ఇంటికి వెళ్లకముందే చెప్పండి.

తిరస్కరిస్తే కారణం రాసిన లెటర్ ఇస్తారు. అదే ఫైలు మళ్లీ పట్టుకెళ్లడం వల్ల లాభం లేదు. ఆ కారణానికి జవాబుగా కొత్త కాగితం ఏముందో చూసుకుని, అది చేతికొచ్చాకే మళ్లీ పెట్టండి.

10. ప్రయాణం రోజు, దిగాక

మొదటి తనిఖీ ఇక్కడి చెక్-ఇన్ కౌంటర్‌లోనే. వీసా, ఖాళీ పేజీలు, పిల్లల కాగితాలు, తిరుగు టికెట్ చూస్తారు. వాళ్లకి సంతృప్తి కలగకపోతే బోర్డింగ్ పాస్ ఇవ్వరు.

జొహన్నెస్‌బర్గ్‌లో దిగి కేప్‌టౌన్‌కో డర్బన్‌కో మారేవాళ్లు గుర్తుంచుకోండి: ఇమిగ్రేషన్ మొదట దిగిన చోటే. బ్యాగులు అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ లోపలి విమానానికి ఇవ్వాలి. మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేలా టికెట్ తీసుకోండి. కౌంటర్‌లో వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. ఎందుకొచ్చారు, ఎన్నాళ్లు, ఎక్కడ ఉంటారు అని అడుగుతారు. హోటల్ పేరు పెద్దవాళ్లకి నోటికి రాకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి.

ర్యాండ్ నోట్లు 25,000కి మించి తీసుకెళ్లకూడదు. మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, ఇంటి నెయ్యి, మాంసం పచ్చళ్లు పెట్టుకోవద్దు. మొక్కలకి, పాలకి, మాంసానికి సంబంధించినవి పర్మిట్ లేకుండా లోపలికి రానివ్వరు. సీలు వేసిన పొడులు ఉంటే అడిగినప్పుడు ఉన్నాయని చెప్పండి.

స్టాంప్ వేశాక కౌంటర్ నుంచి కదలకముందే దాని మీద ఏ తేదీ రాశారో చూడండి. గడువు దాటి ఒక్క రోజు ఉన్నా లెక్కే. 30 రోజుల్లోపు ఎక్కువ ఉంటే 12 నెలలు, 30 రోజులు దాటితే ఐదేళ్లు మళ్లీ రానివ్వకుండా పేరు జాబితాలో ఎక్కిస్తారు. ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో ఉండిపోవాల్సి వస్తే గడువు అయిపోయేదాకా ఆగకుండా పొడిగింపుకి దరఖాస్తు పెట్టండి, డిశ్చార్జ్ కాగితాలన్నీ దాచండి. స్టాంప్ పేజీని ఫోటో తీసి ఇంట్లో ఉన్న ఒకరికి పంపించండి. మీరు సింహాల వెనక తిరుగుతూ తేదీ మర్చిపోయినా, ఆ రోజు దగ్గరపడుతోందని ఫోన్ చేసి చెప్పడానికి వాళ్లుంటారు.